జర్మనీలో చిరునామా నమోదు: నా అనుభవం

జర్మనీలో కొత్త ఇంట్లో దిగిన రెండు వారాలలోపు చిరునామా నమోదు చేయించుకోవాలి. అందుకు ‘వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్’ అనే, మనం ఆ ఇంట్లో దిగామని తెలిపే, ఇంటి యజమాని సంతకంతో కూడిన ధ్రువపత్రం కావాలి. మా యజమాని అద్దె తీసుకొని, ఆ కాగితం మాత్రం ఇవ్వనన్నారు. నమోదు కాకపోతే పన్ను గుర్తింపు సంఖ్య రాదు. అది అందకపోతే జీతంలో అత్యధికంగా కోతపడే ఆరవ పన్ను తరగతిలోకి వెళ్లవలసి రావచ్చు.

కంపెనీ ఏర్పాటు చేసిన స్థానిక సహాయకురాలు వాదనకు దిగలేదు. సమాఖ్య నమోదు చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం ఆ పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత అనీ, నిరాకరిస్తే ఆ సంగతి మేము వెంటనే నమోదు కార్యాలయానికి తెలియజేయవలసి ఉంటుందనీ, యజమానికి 1,000 యూరోల వరకు జరిమానా పడవచ్చుననీ మర్యాదగా జర్మన్‌లో ఉత్తరం రాసి పంపారు. సంతకం వచ్చింది. ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా, ఆ ఉత్తరం ఏ స్వరంలో రాయాలో నాకు తెలిసేది కాదు.

తరువాత ఆమె తపాలా పెట్టె మీద నా ఇంటిపేరు అంటింపజేశారు. అక్కడ ఉత్తరాలు సాధారణంగా ఫ్లాట్ నంబరును బట్టి కాక పెట్టె మీది పేరును బట్టి వేస్తారు కనుక, పేరు లేకపోతే తపాలాలో వచ్చే పన్ను సంఖ్య వెనక్కి పోయేది.