కీబోర్డు కంప్యూటర్ సత్తా చూద్దాం – 3వ పాఠం: వేడెక్కినా వేగం నిలుస్తుందా?

కిందటి పాఠంలో కీబోర్డులోనే కంప్యూటర్ ఇమిడి ఉండే రాస్ప్‌బెర్రీ పై 400లో 64 బిట్ ఓఎస్ వేసుకుని, వేగం కొలిచే సిస్‌బెంచ్, ప్రాసెసర్‌కు ఎడతెగని పని పెట్టే స్ట్రెస్-ఎన్‌జీ ఎక్కించుకున్నాం. ఈ రోజు కొలత. స్కోరు ఒక్కటే రాసుకుంటే ఏమీ తేలదు. అది వచ్చిన క్షణాన క్లాక్ (ప్రాసెసర్ నడిచే వేగం) ఎంతుంది, వేడి ఎంతుంది, కరెంటు సరిగా అందిందా అన్నవి దాని పక్కనే ఉండాలి.

ముందు కరెంటు సంగతి చూడండి. దీనికి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. ఫోన్ చార్జర్ పెట్టినా ఆన్ అవుతుంది, చిక్కంతా అక్కడే. ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లూ (పని చేసే భాగాలు) పనిలోకి దిగగానే సన్నటి, పొడుగాటి కేబుల్‌లో వోల్టేజీ పడిపోతుంది. అది 4.63 కిందికి జారితే ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది. టెర్మినల్‌లో, బోర్డు స్థితి చెప్పే వీసీజెన్‌సీఎండీ అనే కమాండ్‌కు ‘గెట్ థ్రాటిల్డ్’ ఇవ్వండి (మధ్యలో అండర్‌స్కోర్). 0ఎక్స్0 వస్తే అంతా బాగున్నట్టే. 0ఎక్స్50000 వస్తే, ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో వోల్టేజీ పడింది, వేగమూ తగ్గింది. ఈ గుర్తు రీబూట్ దాకా చెరగదు కాబట్టి అడాప్టర్ మార్చాక రీబూట్ చేసే మళ్లీ చూడండి.

ఇక సిస్‌బెంచ్. ప్రైమ్ పరిమితి (ప్రధాన సంఖ్యలను ఎంత దాకా వెతకాలన్నది) 20000, సమయం 60 సెకన్లు. మొదట ఒక థ్రెడ్ (ఒక కోరు మీద నడిచే పని వరుస), తర్వాత నాలుగు. ‘ఈవెంట్స్ పర్ సెకండ్’ వరుసే మనకు కావాలి. రెండో స్కోరు మొదటిదానికి దాదాపు నాలుగింతలు ఉండాలి. మూడింతల దగ్గరే ఆగితే వెనకాల బ్రౌజరో అప్‌డేటో నడుస్తున్నదేమో చూడండి. 32 బిట్ ఓఎస్‌లో వచ్చిన స్కోరుతో మాత్రం పోల్చకండి. సిస్‌బెంచ్ చేసేవి 64 బిట్ భాగహారాలు. 32 బిట్‌లో ఒక్కోటి ఎన్నో అంచెలు పడుతుంది, అదే చిప్ నత్తలా కనిపిస్తుంది.

నిమిషం పరీక్షతో వేడి సంగతి బయటపడదు. కీల కింద దాదాపు కీబోర్డంత పొడవున లోహపు పలక ఉంది. వేడిని అది మెల్లగా పీల్చుకుంటుంది, అందుకే మొదట్లో అంతా చల్లగానే ఉన్నట్టుంటుంది. స్ట్రెస్-ఎన్‌జీని నాలుగు కోర్ల మీద 30 నిమిషాలు నడపండి. రెండో టెర్మినల్‌లో 30 సెకన్లకోసారి వీసీజెన్‌సీఎండీకే వేడి కోసం ‘మెజర్ టెంప్’, క్లాక్ కోసం ‘మెజర్ క్లాక్ ఆర్మ్’ ఇచ్చి (‘మెజర్’ తర్వాత అండర్‌స్కోర్) రాసుకోండి. క్లాక్ హెర్ట్జ్‌లలో వస్తుంది: 18తో మొదలయ్యే 10 అంకెలుంటే 1.8 గిగాహెర్ట్జ్, అంటే నిండు వేగం. ఖాళీగా ఉన్నప్పుడు 600 మెగాహెర్ట్జ్ చూపితే కంగారు పడకండి, అది దాని విశ్రాంతి వేగం. వేడి 80 డిగ్రీలు దాటితే వేగం తగ్గడం మొదలవుతుంది.

గది ఉష్ణోగ్రత తప్పక రాయండి. మన మే నెల మధ్యాహ్నపు కొలతను డిసెంబరు కొలత పక్కన పెట్టలేం. పరుపు మీద పెట్టి కొలిస్తే గాలి ఆడదు, ఆ కొలత పనికిరాదు. గట్టి బల్ల మీదే పెట్టండి.

30 నిమిషాలు పూర్తయ్యాక చల్లారనివ్వకుండా, వెంటనే నాలుగు థ్రెడ్ల సిస్‌బెంచ్ మళ్లీ నడపండి. చల్లటి స్కోరుకూ దీనికీ తేడా ఒకటి రెండు శాతం లోపుంటే పలక తన పని తాను చేస్తున్నట్టే. అంతకు మించితే క్లాక్ పట్టిక చూడండి, వేగం ఏ నిమిషంలో పడిందో అందులోనే దొరుకుతుంది.

వచ్చే పాఠం మైక్రోఎస్‌డీ కార్డు మీద. యూఎస్‌బీ 3 ఎస్‌ఎస్‌డీ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.