ఫిలిప్పీన్స్ మాటల వేళ్లు – 4వ పాఠం: బండి ఱ, అరువు మాట

ఈసారి మడగాస్కర్ భాష అయిన మలగాసీలోకి వెళ్లాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. గత అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలామంది రెండు చోట్ల జారారు. అవి సరిచేసుకోకుండా ముందుకెళ్తే పట్టికలన్నీ తప్పుతాయి.

మొదటిది చిన్నది. మూలభాష (ఈ భాషలన్నీ పుట్టిన ఆస్ట్రోనేషియన్ తల్లిభాష) ధ్వనిని నేను బండి ఱతో రాస్తే, మీరు మామూలు ర చేసేశారు. ఇవాళ మనం రెండింటినీ ఒకేలా పలుకుతాం కాబట్టి చేయి అలా పోతుంది. ఆస్ట్రోనేషియన్ మూలభాషలో మాత్రం అవి వేర్వేరు ధ్వనులు. ర ఉన్న మాటలు అరుదు, ఱ ఉన్నవి బోలెడు. ఆ ఱ మలయ్‌లో ర అవుతుంది. ఫిలిప్పీన్స్ భాషల్లో చూస్తే టాగలోగ్‌, సెబువానోల్లో గ, పంగసినాన్‌లో ల, కపంపాంగన్‌లో య. మలయ్ ర, టాగలోగ్ గ వరసను 19వ శతాబ్దంలోనే డచ్ పండితుడు వాన్ డెర్ టూక్ గమనించారు.

బియ్యాన్ని తీసుకోండి. మూలరూపం *బెఱస్ (చుక్క గుర్తు ఉంటే అది పోల్చి కట్టిన రూపమని అర్థం). మలయ్ బెరస్, టాగలోగ్ బిగస్, సెబువానో బుగస్, పంగసినాన్ బెలస్, కపంపాంగన్ అబ్యస్. నడిమి హల్లు సరిగ్గా పైన చెప్పినట్టే మారింది. మరో ఫిలిప్పీన్స్ భాష ఇలోకానోలో బగస్. అదే ఇలోకానోలో 'కొత్త'కు బరో అంటారు, టాగలోగ్‌లో బగో, మలయ్‌లో బరు. అంటే ఇలోకానోలో ఱ ఒకచోట గ, ఇంకోచోట ర. అందుకే ఇలోకానో ఒక్కదాన్నే నమ్మి ఏదీ తేల్చకండి.

బెఱస్‌లోని ఎ మన ఎ కాదు, నోరు సగం తెరిచి పలికే మసక అచ్చు. అది టాగలోగ్‌లో ఇ, సెబువానోలో ఉ/ఒ, ఇలోకానోలో మామూలుగా ఎ (బగస్‌లో కాదు), కపంపాంగన్‌లో అ అవుతుంది. 'నాటడం'కు టాగలోగ్ తనిమ్, సెబువానో తనొమ్. 'ఆరు'కు అదే వరసలో అనిమ్, ఉనొమ్, ఇన్నెమ్, అనమ్. టాగలోగ్ దలవ (రెండు), తత్లో (మూడు) ముందు ఆ అదనపు అక్షరం ఎందుకని చాలామంది అడిగారు. మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు తొలి హల్లును రెట్టించే పాత పద్ధతి అది. సెబువానోలో దుహ, తులో అని రెట్టింపు లేకుండానే ఉన్నాయి.

ఇక అసలు చిక్కు. మూల పదాల పట్టికలో టాగలోగ్ ముఖా, గురో, ఆస, బలిత చేర్చారు. తెలుగువాళ్లకి ఈ వల మరీ సులువుగా తగులుతుంది: ముఖం, గురువు, ఆశ, వార్త కళ్లముందే కనిపిస్తాయి. కనిపించడమే ప్రమాదం. ఇవి సంస్కృతం నుంచి, చాలావరకు మలయ్ మీదుగా వచ్చిన అరువు మాటలు. శక 822, అంటే క్రీ.శ. 900 నాటి, ఫిలిప్పీన్స్‌లో దొరికిన లగూనా రాగిరేకు పాత మలయ్‌లో, సంస్కృత పదాలతో ఉంది. ఆ రాకపోకలు అంత పాతవి. అయినా తైవాన్ నుంచి ఆస్ట్రోనేషియన్లు ఫిలిప్పీన్స్‌లోని లుజోన్ దీవికి దిగింది సుమారు 4,000 ఏళ్ల కిందట. పాత అరువు కూడా అరువే.

దాన్ని పట్టించేది ఱ. మలయ్ హర్గ (ధర), టాగలోగ్ హలగ. మలయ్ బెరిత, టాగలోగ్ బలిత. మలయ్‌లో ర ఉంది, మరి టాగలోగ్‌లో గ ఏది? ల ఎందుకొచ్చింది? ఈ మాటలు చేరేసరికి టాగలోగ్‌లో ఱ గ కావడం ఎప్పుడో ముగిసింది. అప్పటి టాగలోగ్‌లో ర సొంత ధ్వని కాదు, అచ్చుల మధ్య ద పలికే తీరు మాత్రమే. కాబట్టి పరాయి ర వచ్చినప్పుడు దగ్గరున్న లతో సరిపెట్టుకున్నారు. హర్గ మూలం సంస్కృత అర్ఘ. వెలకట్టలేని రత్నాన్ని మనం అనర్ఘం అంటామే, ఆ అర్ఘమే. గురోలో ర రగానే మిగిలింది. అదీ గ కాదు, కాబట్టి అదీ అరువే.

ల కనిపించగానే అరువని తీర్పు ఇవ్వకండి. అరుదైన ఆ పాత ర కూడా టాగలోగ్‌లో ల అవుతుంది. నేనైతే మలయ్‌ని పక్కనపెట్టి ముందు తైవాన్ భాషలు చూస్తాను, ఎందుకంటే సంస్కృత, మలయ్ పదాల తాకిడి అక్కడికి చేరలేదు. 'కన్ను' టాగలోగ్‌లో మత, అమిస్‌లో మత, పైవాన్‌లో మత్స. 'అయిదు' మూడింటిలోనూ లిమ. వీటికి తిరుగులేదు. ముఖాకు అక్కడ జాడ దొరకదు.

హల్లులు కలిశాయని అచ్చుల్ని వదిలేయడం కూడా తప్పే. 'రక్తం' మలయ్‌లో దరః, ఇలోకానోలో దర, పంగసినాన్‌లో దల, కపంపాంగన్‌లో దయ. టాగలోగ్‌లో దుగో. గ కుదిరింది, కాని అ ఉన్నచోట ఉ ఎలా వస్తుంది? రాదు. దుగో 'రసం' అనే అర్థమున్న వేరే మూలం నుంచి వచ్చింది. దాన్ని ఆ వరసలోంచి తీసేయండి.

అభ్యాసం, నిఘంటువు మూసి:

*ఉఱత్ (నరం) టాగలోగ్‌లో ఉగత్. కపంపాంగన్, పంగసినాన్ రూపాలు కట్టండి.

మలయ్ దెంగర్, ఇలోకానో దెంగ్‌ంగెగ్ (విను). సెబువానో రూపం ఏమై ఉండాలి? మలయ్ రెండో అచ్చు అసలు అ నా, మసక అచ్చా? దాన్ని ఏ భాష తేలుస్తుందో రాయండి.

కెర్తాస్–కలతాస్ (కాగితం, ఉత్తరం), న్యియుర్–నియోగ్ (కొబ్బరి): ఏది అరువు?

మలయ్ తెబు (చెరకు) టాగలోగ్‌లో తుబో. సూత్రం ప్రకారం తిబో రావాలి. ఎందుకు రాలేదో పక్క అచ్చును చూసి చెప్పండి. దీనికి కనీసం ఒక పూట కేటాయించండి.