ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దింపే ముందు ఇవన్నీ చూడండి

బండి ఒకే గేరులో ఇరుక్కుపోయి చెక్ ఇంజిన్ లైటు వెలిగిందంటే చాలు, షెడ్డులో వినిపించే మొదటి మాట "గేర్‌బాక్స్ పోయింది సార్, దింపాలి". తొందరపడకండి. కంప్యూటర్‌కి ఏదైనా సెన్సర్ రీడింగు మీదో సాలినాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారిని తెరిచి మూసే వాల్వు) మీదో అనుమానం వస్తే అది సాలినాయిడ్లకు కరెంటు ఆపేస్తుంది, అప్పుడు ఉత్త ఆయిల్ ప్రెషర్‌తో ఏ గేరు పడుతుందో ఆ గేరులోనే బండి ఇంటికి చేరుతుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. మెర్సిడెస్ 722.6 అనే గేర్‌బాక్స్‌లో అది 2వ గేరు, చాలా 4 స్పీడ్ బాక్సుల్లో 3వ గేరు. కాబట్టి ఇరుక్కున్న గేరు మీకు రోగం పేరు చెప్పదు, కంప్యూటర్ చేతులెత్తేసిందని మాత్రమే చెబుతుంది.

ముందు మీ బండిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోండి. మన దగ్గర 2014లో సెలెరియోతో వచ్చిన ఏఎంటీని కూడా ఆటోమేటిక్ అనే అంటారు గానీ, లోపల అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్చు కూడా మామూలుదే. సీవీటీ (బెల్టుతో నడిచేది), డీసీటీ (రెండు క్లచ్చులది) కథలు వేరు. నేను చెప్పేది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) ఉన్నవాటి గురించి.

ఆయిల్‌తో మొదలుపెట్టండి. డిప్‌స్టిక్ ఉంటే బండి బాగా వేడెక్కాక, చదునైన చోట, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, బ్రేకు తొక్కి లివర్‌ని అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి మళ్ళీ పీలో పెట్టి చూడాలి (కంపెనీ వేరేలా చెబితే అదే పాటించండి). డిప్‌స్టిక్ లేనివాటిలో ఓవర్‌ఫ్లో ప్లగ్ ఉంటుంది, స్కానర్‌లో ఆయిల్ టెంపరేచర్ చూసుకుంటూ కంపెనీ చెప్పిన డిగ్రీల దగ్గర విప్పాలి, చల్లగా ఉన్నప్పుడు విప్పితే లెక్క తప్పుతుంది. ఒక చుక్క తెల్లటి టిష్యూ మీద వేయండి. ఎరుపు, లేత గోధుమ రంగు పర్లేదు. నల్లగా మారి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలినట్టే. గులాబీ రంగు పాలలా ఉంటే నీళ్ళో కూలెంటో కలిసింది. వానాకాలంలో మునిగిన రోడ్డు మీద నడిపిన బండికి బ్రీదర్ (గేర్‌బాక్స్ గాలి గొట్టం) ద్వారా నీళ్ళు దూరడం మామూలే. దాన్ని అస్సలు నడపకండి. ఇంకొకటి, ఎర్రగా ఉన్న ప్రతి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) ఒకటే కాదు, పైన కొంచెం టాపప్ చేద్దామని దొరికింది పోసేయకండి.

తర్వాత కరెంటు. ఇంజిన్ ఆపి ఉంటే బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఆన్‌లో ఉంటే సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది గేర్‌బాక్స్ బాడీకి పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ వైరు సంగతి చూడాలి. బ్యాటరీ డౌనై జంప్ స్టార్ట్ చేసిన బండిలో సంబంధం లేని కోడ్లు (కంప్యూటర్ రాసిపెట్టుకునే లోపాల నంబర్లు) గుంపుగా వస్తాయి, అవి రాసిపెట్టుకుని, చెరిపేసి, మళ్ళీ ఏవి తిరిగొస్తాయో చూడండి. తిరిగొచ్చినవే అసలువి.

కోడ్లలో పి0700 కాలింగ్ బెల్ లాంటిది, గేర్‌బాక్స్‌లో ఏదో లోపం ఉందని మాత్రమే చెబుతుంది, లోపల ఎవరున్నారో అది చెప్పదు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లోకి వెళ్ళగల స్కానర్ కావాలి, చవక బ్లూటూత్ రీడర్లు చాలావరకు ఇంజిన్ దగ్గరే ఆగిపోతాయి. పి0715 అంటే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్, పి0720 అంటే అవుట్‌పుట్‌ది. గేరు మార్చే ఒకే సాలినాయిడ్ గురించి వచ్చే పి0753కీ పి0751కీ తేడా మాత్రం పట్టుకోవాలి. మొదటిది కాయిల్, వైరు, కనెక్టర్‌లలో ఎలక్ట్రికల్ లోపం. రెండోదాంట్లో కరెంటు సరిగానే వెళ్తోంది, గేరే పడట్లేదు, అంటే వాల్వులో చెత్తో, ప్రెషర్ లోపమో.

ఎలక్ట్రికల్ కోడ్ వస్తే సాలినాయిడ్ దగ్గర కాదు, కంప్యూటర్ వైపు కనెక్టర్ పీకి ఓమ్స్ కొలవండి, వైరింగ్ కూడా కలిసి చెక్ అవుతుంది. చాలా టయోటాల్లో ఆన్-ఆఫ్ సాలినాయిడ్ 11 నుంచి 15 ఓమ్స్, ప్రెషర్ సాలినాయిడ్ 5 నుంచి 5.6 ఉంటుంది, అదీ 20 డిగ్రీల దగ్గర. చల్లగా బాగానే ఉండి వేడెక్కాక తెగిపోయే కాయిళ్ళు ఉంటాయి కాబట్టి వేడి మీద, వైర్లు కదుపుతూ ఇంకోసారి కొలవాలి. 722.6 అయితే గేర్‌బాక్స్ పక్కనున్న 13 పిన్నుల కనెక్టర్ తప్పకుండా విప్పండి. అక్కడి ఓ-రింగులు గట్టిపడితే ఆయిల్ వైర్ల లోపలే పాక్కుంటూ కంప్యూటర్ దాకా వెళ్ళిపోతుంది. పిన్నులు ఎర్రగా తడిగా కనిపిస్తే కంప్యూటర్ ప్లగ్ కూడా విప్పి చూడాల్సిందే, రింగులు మార్చేసి ఊరుకుంటే పని సగమే అయినట్టు.

కోడ్ పి0730 లాంటి రేషియో లోపమైతే లైవ్ డేటా చూస్తూ నడపండి. టర్బైన్ ఆర్‌పీఎంని (గేర్‌బాక్స్‌లోకి వచ్చే వేగం) అవుట్‌పుట్ ఆర్‌పీఎంతో (బయటికి వెళ్ళే వేగం) భాగిస్తే ఆ గేరు రేషియో రావాలి. 1:1 గేరులో అవుట్‌పుట్ 2000 ఉన్నప్పుడు టర్బైన్ 2300 చూపిస్తే, సెన్సర్లు సరిగా ఉంటే, క్లచ్ జారుతోందన్నమాటే, వైరింగ్ వెతుక్కుంటూ కూర్చోవద్దు. టర్బైన్ రీడింగు ఒక్కసారిగా సున్నాకి పడిపోయి మళ్ళీ లేస్తే మాత్రం సెన్సరో దాని వైరో. లాక్-అప్ (టార్క్ కన్వర్టర్ జారకుండా ఇంజిన్‌తో నేరుగా కలిసిపోవడం) పరీక్ష ఇంకా తేలిక: ఖాళీ హైవే మీద 80లో నిలకడగా వెళ్తూ బ్రేకు లైటు వెలిగేంత మాత్రమే పెడల్ తాకితే ఆర్‌పీఎం కాస్త పైకి లేచి, వదిలాక దిగాలి. కదలకపోతే లాక్-అప్ పడట్లేదు.

పాత టయోటా ఏ340ఈ లాంటివాటిలో ఇంకో సౌకర్యం ఉంది. సాలినాయిడ్ కనెక్టర్ పీకేసి నడిపితే లివర్ ఎల్‌లో 1, 2లో 3, డీలో 4వ గేరు పడాలి. అవి సరిగా పడితే మెకానికల్ భాగం బాగున్నట్టే. స్టాల్ టెస్ట్ (బ్రేకు గట్టిగా తొక్కి, గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కే పరీక్ష) మాత్రం సరదాకి చేయకండి, 5 సెకన్లు దాటితే ఆయిల్ మాడుతుంది.

లివర్ అసలు పీ నుంచే రాకపోతే గేర్‌బాక్స్ వైపు చూడకముందు బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా చూడండి, బ్రేకు స్విచ్ పోతే లివర్ లాక్ అవుతుంది.

ఇన్ని దాటాక కూడా తప్పు లోపలే ఉందని తేలితే, ప్రెషర్ గేజ్ పెట్టి లైన్ ప్రెషర్ (గేర్‌బాక్స్ లోపలి ప్రధాన ఆయిల్ ప్రెషర్) కొలిచి అప్పుడు దింపండి. సాలినాయిడ్ మార్చినా, వాల్వ్ బాడీ (వాల్వులన్నీ ఉండే భాగం) మార్చినా స్కానర్‌తో అడాప్టేషన్ (పాత పార్టుతో కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలు) రీసెట్ చేసి, అన్ని గేర్లూ పడేలా నిదానంగా కొంతదూరం నడపాలి. అది చేయకపోతే కొత్త పార్టు వేశాక కూడా పాత జర్కులే వస్తాయి, అందరూ కొత్త పార్టునే అనుమానిస్తారు.