పిల్లలకు దగ్గరయ్యే బోధన – 3వ పాఠం: నోరు విప్పని పిల్లలు

పోయిన పాఠంలో పిల్లల పేర్లు వాళ్ల ఇంట్లో పలికినట్టే పలకడం నేర్చుకున్నాం, ఇంటి భాషల పట్టిక రాసుకున్నాం. ఆ పట్టిక పక్కన పెట్టుకోండి, ఇవాళ దాంతో పనుంది.

ప్రశ్న వేస్తాం. పిల్లవాడు తల దించుకుంటాడు. 'వీడికి రాదు' అనుకుని పక్కవాడిని లేపుతాం. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. రోజూ ఇదే జరిగితే, 'టీచర్ నన్ను వదిలేశారు' అని ఆ పిల్లవాడు తేల్చేసుకుంటాడు.

సుసాన్ ఫిలిప్స్ అనే పరిశోధకురాలు అమెరికాలోని వార్మ్ స్ప్రింగ్స్ ఆదివాసీ పిల్లలను గమనించి 1972లో ఒక వ్యాసం ప్రచురించారు. క్లాసందరి ముందూ లేపి అడిగితే బిగుసుకుపోయే ఆ పిల్లలే, చిన్న గుంపుల్లో పని ఇచ్చినప్పుడు, తామే టీచర్ దగ్గరికి వెళ్లినప్పుడు చక్కగా మాట్లాడేవారు. ఇళ్లలో వాళ్లు పెద్దల పనిని చూస్తూ నేర్చుకుంటారు, చేయగలమన్న నమ్మకం కుదిరాకే నలుగురికీ చూపిస్తారు. బడి మాత్రం రాకముందే అందరి ముందూ చేసి చూపించమంటుంది. హవాయిలో తీరే వేరు. అక్కడి పిల్లలు ఒకరి మాటలో ఒకరు మాట కలుపుతూ కబుర్లు చెప్పుకుంటారు. చదవడం నేర్పే పాఠాల్లో అలాగే మాట్లాడనిచ్చిన చోట పాఠం బాగా సాగిందని క్యాథరిన్ ఆవ్ వంటి పరిశోధకులు గమనించారు. మన కళ్లకు అది అల్లరి!

అంటే పిల్లవాడిని తూచే ముందు, మనం అడిగే పద్ధతి మార్చి చూడాలి. ఇలా చేయండి.

'మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?' అని బోర్డు మీద రాయండి. ఎవరినీ లేపకండి. మనసులో మెల్లగా మూడు అంకెలు లెక్కపెట్టండి. మొదట్లో ఆ నిశ్శబ్దానికి మనకే టెన్షన్ వస్తుంది, పర్లేదు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకనుకు మించి ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవూ, మాట్లాడే పిల్లల సంఖ్యా పెరుగుతాయనీ మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలోనే చూపించారు. తర్వాత ఇద్దరిద్దరిని మాట్లాడుకోమని, 'మీ ఇద్దరూ ఏమనుకున్నారు?' అని అడగండి. తప్పయినా అది ఒక్కడి తప్పు కాదు కాబట్టి గొంతు లేస్తుంది.

జవాబు వచ్చాక కూడా ఆగాలి. ఇది ఇంకా కష్టం. 'వెరీ గుడ్' అని మనం మధ్యలో దూరకపోతే, 'ఎందుకంటే...' అని పిల్లలే కొనసాగిస్తారు. అసలు ఆలోచన బయటపడేది అక్కడే. 'చెప్పు, భయమెందుకు' అని మాత్రం వెంటపడకండి, ఉన్న మాట కూడా లోపలికి పోతుంది.

ఒక జాగ్రత్త. ఇదంతా చదివి 'ఫలానా వాళ్ల పిల్లలు ఇంతే' అని ముద్ర వేస్తే మొదటికే మోసం. ఒకే ఇంట్లో అక్క వసపిట్ట, తమ్ముడు మూగనోము పట్టినవాడు కావచ్చు. పట్టిక మనకు ఊహ మాత్రమే ఇస్తుంది, రుజువు పిల్లవాడి దగ్గరే దొరకాలి.

ఈ వారం అభ్యాసం: పట్టికలోంచి బాగా తక్కువ మాట్లాడే ఇద్దరిని ఎంచుకోండి. అందరి ముందు, జంటలో, మీతో విడిగా ఉన్నప్పుడు, ఎక్కడ ఎంత మాట్లాడారో ఒక్కో వాక్యం రాయండి. అది వాళ్లకు తెలియనివ్వకండి. వచ్చే పాఠంలో ఇంటివాళ్లతో మాట్లాడటం మొదలుపెడతాం, ఆ వాక్యాలు అప్పుడు పనికొస్తాయి.