టీవీ వాల్ మౌంట్ ఇబ్బంది పెడుతోందా? ముందు గోడను చూడండి

మౌంట్ పెట్టె మీద '32 నుంచి 55 అంగుళాల వరకు' అని రాసి ఉంటుంది. చాలామంది అది చూసే కొనేస్తారు. అంగుళాలు తెర కొలత మాత్రమే, మౌంట్ మోసేది బరువును. టీవీ ఎన్ని కిలోలు, వెనక ఉన్న నాలుగు రంధ్రాల మధ్య దూరం ఎంత, గోడ దేనితో కట్టారు అన్న మూడు సంగతులూ తేలాకే దుకాణానికి వెళ్లాలి. మూడింటిలోనూ గోడదే మొదటి స్థానం. ఎక్కువ ఇబ్బందులు అక్కడే పుడతాయి.

టీవీ పైభాగం గోడను వదిలి ముందుకు వాలుతోంది

ఇది కనిపిస్తే రేపటికి వాయిదా వేయకండి. ఇద్దరు పట్టుకుని టీవీని దించి, గోడకు ఉన్న బ్రాకెట్ పై స్క్రూలను వేలితో కదిపి చూడండి. కదిలితే ప్లగ్గు (స్క్రూను పట్టి ఉంచడానికి గోడ రంధ్రంలో దూర్చే గొట్టం) పట్టు వదిలినట్టే.

దీనికి ఒక కారణం పొట్టి స్క్రూలు. గోడ మీద ప్లాస్టరింగే 12 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటుంది. దానికి పట్టు ఉండదు, పెచ్చులుగా ఊడుతుంది. ప్లగ్గు దాన్ని దాటి ఇటుకలోకి పూర్తిగా దిగాలి.

రెండో కారణం మడత చేయి ఉన్న మౌంట్. 18 కిలోల టీవీ గోడకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. బ్రాకెట్ పై స్క్రూలకూ కింది అంచుకూ మధ్య 20 సెంటీమీటర్లు ఉంటే, పై స్క్రూలను బయటికి లాగే బలం సుమారు నాలుగున్నర కిలోలు. అదే టీవీని చేయి చాపి 50 సెంటీమీటర్లు ముందుకు తెస్తే ఆ బలం 45 కిలోలకు చేరుతుంది. బరువు పెరగలేదు, లాగుడు మాత్రం పదింతలైంది. గదిలో ఒకే వైపు కూర్చుని చూసేవారికి ఈ చేయి అవసరమే లేదు. కదలని మౌంట్ చవక, భద్రం కూడా.

గోడ ఏ రకమో డ్రిల్లు నుంచి రాలే పొడే చెబుతుంది. ప్లాస్టరింగ్ దాటాక ఎర్రపొడి వస్తే ఇటుక. 8 లేదా 10 మిల్లీమీటర్ల ప్లగ్గు, 50 మిల్లీమీటర్లకు తగ్గని స్క్రూ వాడండి. రంధ్రం ఇటుకల మధ్య సిమెంటు అతుకులో పడకుండా చూడండి. పొడి చాలా కొద్దిగా వస్తూ డ్రిల్లు మొరాయిస్తే కాంక్రీటు. హైదరాబాద్‌లోని కొన్ని కొత్త అపార్టుమెంట్లలో గోడలన్నీ కాంక్రీటువే. హ్యామర్ డ్రిల్లు, ఇనుప యాంకర్ బోల్టులు ఉంటే ఇక దిగులు లేదు.

డ్రిల్లు వెన్నలోకి దిగినట్టు దిగి, లేత రంగు మెత్తటి పొడి కుప్పగా రాలితే అవి తేలిక సిమెంటు బ్లాకులు. అక్కడ హ్యామర్ ఆపేసి తిప్పుడు మీదే రంధ్రం చేయాలి. లేకపోతే రంధ్రం వదులైపోతుంది. మామూలు ప్లగ్గు బదులు ఆ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి నైలాన్ ప్లగ్గు అడగండి. ఈ గోడకు మడత చేయి మౌంట్ వద్దనే చెబుతాను. తప్పదంటే గోడ అవతలి వైపు ఇనుప పలక పెట్టి బోల్టులు ఇటునుంచి అటు దూర్చి బిగించాలి.

ఏ గోడైనా పాత రంధ్రాల్లో అగ్గిపుల్లలు, కాగితం కుక్కి మళ్లీ బిగించకండి. బ్రాకెట్‌ను కాస్త పక్కకు జరిపి కొత్తగా రంధ్రాలు చేయండి. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన, కింద మాత్రం డ్రిల్లు పెట్టవద్దు. కరెంటు పైపులు సాధారణంగా అటే వెళతాయి.

టీవీ వెనక స్క్రూ బిగుసుకోవడం లేదు

స్క్రూ సైజు తప్పు. చిన్న టీవీలకు తరచుగా ఎం4, మధ్యరకానికి ఎం6, పెద్దవాటికి ఎం8 వస్తాయి (అంకె స్క్రూ మందం, మిల్లీమీటర్లలో). టీవీతో వచ్చిన కాగితంలో చూసుకోండి. రంధ్రంలో పుల్ల పెట్టి లోతు కొలవండి. బ్రాకెట్ రేకు, వాషర్ల మందం పోగా మిగిలే స్క్రూ పొడవు ఆ లోతును మించకూడదు. మించిన స్క్రూను బలవంతంగా తిప్పితే లోపలి భాగాలు దెబ్బతింటాయి. రంధ్రాలు గుంటలో ఉంటే స్పేసర్లు (ఆ ఎడాన్ని నింపే చిన్న గొట్టాలు) వేయాలి.

బ్రాకెట్ రంధ్రాలే కలవకపోతే సర్దుబాటు చేయకుండా మార్చుకోండి. రంధ్రాల మధ్య దూరాన్ని చెప్పే 200×200, 400×200 అన్న అంకెల్లో మొదటిది అడ్డం, రెండోది నిలువు, రెండూ మిల్లీమీటర్లలో.

కేబుల్ గోడకు నొక్కుకుంటోంది

పోర్టులు నేరుగా వెనక్కి ఉన్న టీవీకి గోడకు అంటుకుపోయే మౌంట్ కొన్నందువల్ల వచ్చే చిక్కు ఇది. సెట్‌టాప్ బాక్స్ వైరు మందంగా ఉంటుంది, వంచితే పోర్టు వదులవుతుంది. ఎల్ ఆకారపు కనెక్టర్ వాడండి, లేదా కాస్త ఎడం ఇచ్చే మౌంట్ తీసుకోండి.

చూస్తుంటే మెడ నొప్పి

ప్లగ్ పాయింటు పైన ఉందని టీవీని కూడా పైకెక్కించడమే దీనికి మూలం. సోఫాలో కూర్చున్నప్పుడు కళ్లు నేల నుంచి సుమారు 100 నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. తెర మధ్యభాగం అక్కడికి రావాలి. వెనక రంధ్రాలు తరచుగా తెర మధ్యకు ఉండవు కాబట్టి, టీవీ అడుగు అంచు నుంచి వాటి ఎత్తు కొలిచాకే గోడ మీద గుర్తు పెట్టండి. మంచం మీద పడుకుని చూసే గదిలో మాత్రం కాస్త ఎత్తున పెట్టి, కిందికి వంగే టిల్ట్ మౌంట్ వాడటమే మేలు.