గేటు నుంచి పోర్టికో దాకా రాతి దారి – 2వ పాఠం: నల్లమట్టి, వాటం, అడుగు పొరలు

పోయిన పాఠంలో రాయి ఎంచుకున్నాం. బల్లికురవ, మార్టూరు వైపు నుంచి వచ్చే గ్రానైట్ కాబుల్స్‌లో (దారికి పరిచే చిన్న రాతి దిమ్మల్లో) 4 అంగుళాల చదరం, 3 అంగుళాల మందం ఉన్నవి కారు దారికి తీసుకోమన్నాను. అవి ఇప్పటికే లారీ దిగి మీ ప్రహరీ వారన ఉంటే అక్కడే ఉండనివ్వండి. ఈ పాఠంలో రాయి జోలికి పోం.

గుంటూరులో మా ఇంటి ముందు మొదటిసారి వేయించినప్పుడు నల్లమట్టిని చదును చేసి, 4 అంగుళాల ఇసుక పోసి, దాని మీదే రాళ్లు పేర్చారు. సంక్రాంతికి చూడముచ్చటగా ఉంది. ఆగస్టు వచ్చేసరికి కారు చక్రాలు తిరిగేచోట రెండు గాడులు పడ్డాయి, మధ్యలో రాళ్లు పైకి లేచాయి. తీసి చూస్తే ఇసుక సగానికి సగం మట్టిలోకి దిగిపోయింది. రాయి ఒక్కటీ పగల్లేదు, చెడింది అడుగే. ఆ రోజు పడ్డ బాధ మీరు పడకూడదనే ఈ పాఠం ఇంత వివరంగా రాస్తున్నాను.

నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత బీటలిస్తుంది. అందుకే మే నెలలో ఎండి బిగుసుకున్న నేల మీద పని మొదలుపెట్టొద్దు. వానలు పడగానే అది ఉబ్బి మీ దారిని ఎత్తేస్తుంది. కార్తీకం దాటాక, శివరాత్రి లోపు, మట్టిలో ఓ మాదిరి పదును ఉన్నప్పుడు తవ్వడం మంచిది. డాబా మీది వాననీళ్ల పైపు దారి పక్కన పడుతుంటే ముందు దాన్ని మళ్లించండి. దారి అంచునే మొక్కలు పెట్టి రోజూ నీళ్లు పోసినా అంతే, ఒక పక్క ఉబ్బుతుంది, ఇంకో పక్క ఉబ్బదు.

ఇక వాటం. కాబుల్స్ పైభాగం గరుకుగా ఉంటుంది కాబట్టి కాంక్రీటు కన్నా కాస్త ఎక్కువ వాటం కావాలి. 60 అడుగులకు 1 అడుగు లెక్కన, 20 అడుగుల దారికి 4 అంగుళాలు, గేటు వైపుకి. విజయవాడ, గుంటూరు పాత వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేసి చాలా ఇళ్లు పల్లంలో పడ్డాయి. మీదీ అలాంటిదే అయితే నీళ్లు లోపలికే వస్తాయి. అప్పుడు పోర్టికో ముందు అడ్డంగా జాలీ మూతతో కాలువ కట్టి, నీళ్లను పక్కకు తీసుకుపోవాల్సిందే. ఇంటి గోడ మీదికి మాత్రం వాటం ఇవ్వొద్దు.

వాటం చూడ్డానికి లెవల్ ట్యూబు, అంటే నీళ్లు నింపి మట్టం చూసే గొట్టం, చాలు. రెండోసారి పనికి వచ్చిన పెద్ద మేస్త్రి ట్యూబు నింపి, రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని, "బాబూ, గాలి బుడగ ఉంటే ఈ రెండు నీళ్లూ కలవవు" అన్నాడు. నిజంగానే అర అంగుళం తేడా వచ్చింది. ట్యూబును గోటితో తడుతూ పోతే మధ్యలో శనగగింజంత బుడగ కదిలింది. అది బయటికి పోయాక రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టానికి వచ్చాయి. మీరూ గుర్తులు పెట్టేముందు ఈ పరీక్ష చేయండి.

పోర్టికో దగ్గర, గేటు దగ్గర మేకులు కొట్టి, దారి పూర్తయ్యాక పైభాగం ఎక్కడికి రావాలో అక్కడ దారం కట్టండి. దారం నుంచి కిందికి 16.5 అంగుళాలు తవ్వాలి. పక్కలకు అరడుగు చొప్పున ఎక్కువ తీయండి, అంచు రాయి దాని మీదే కూర్చుంటుంది. గుంట అడుగుకూ అదే వాటం ఉండాలి. వాన పడి అడుగు బురదైతే గట్టి మట్టి తగిలేదాకా గీకి పారేయండి. మట్టి మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే కంకర బురదలోకి దిగదు. ఖర్చని దీన్ని మానేయొద్దు.

దాని మీద 6 అంగుళాలు ఎర్ర గ్రావెల్, ఆపైన 6 అంగుళాలు వెట్ మిక్స్ (కంకర, రాతిపొడి నీళ్లతో కలిపిన మిశ్రమం). పేరేచర్ల, దొనబండ వైపు క్రషర్ల నుంచి తెప్పించుకోవచ్చు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు దారికి ఒక్కో పొరకు బిగిశాక 100 ఘనపుటడుగులు కావాలి. వదులుగా వస్తుంది కాబట్టి 130 చెప్పండి. పక్కల తవ్విన అరడుగుకు ఇంకో 13.

అద్దెకు తెచ్చిన ప్లేట్ కాంపాక్టర్ 6 అంగుళాలు ఒక్కసారిగా బిగించలేదు. పైన గట్టిపడుతుంది, లోపల వదులుగానే ఉంటుంది. 3 అంగుళాల చొప్పున పోసి, నాలుగైదు సార్లు తిప్పండి. పిడికెడు మిక్స్ నొక్కితే ముద్దకట్టాలి, వేళ్ల మధ్య నీళ్లు కారకూడదు. అంతే తడి.

చివరి పొర బిగిశాక దారం నుంచి ప్రతి 3 అడుగులకూ కొలవండి. ఎక్కడ చూసినా 4.5 అంగుళాలు రావాలి: ఇసుకకు ఒకటిన్నర, రాయికి మూడు. ఎక్కడైనా 5 వస్తే ఇసుకతో సరిపెట్టొద్దు. అక్కడ పైన కాస్త గీరి, వెట్ మిక్స్ పోసి మళ్లీ బిగించండి. ఇసుక మందం తేడాగా ఉన్నచోటే రాయి కుంగుతుంది. కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, అంచు రాళ్లు, మొదటి వరస వేసే వచ్చే పాఠంలో అవే కావాలి.