తక్కువ ఖర్చులో జపాన్ తరహా కత్తి: కొనేముందు పిడి లోపల చూడండి

గోడ మీద పెడితే అందంగా ఉండాలి, చేతికి తీసుకుంటే నిజమైన కత్తిలా పనిచేయాలి, ధర మాత్రం జేబుకు బరువు కాకూడదు. కతానా కొనాలనుకునేవారిలో చాలామంది కోరేది ఈ మూడే. మూడూ ఒకేచోట దొరకడం అసాధ్యమేమీ కాదు. అయితే కొనేవారు అలుగు మెరుపు చూసి, ఒర మీది రంగు చూసి మోజుపడతారు; కత్తి నిలిచేదీ విరిగేదీ పిడి లోపల కంటికి కనిపించని జానెడు ఇనుము మీద ఆధారపడి ఉంటుందన్న సంగతి తర్వాతెప్పుడో తెలుస్తుంది.

ముందుగా మనం కొనబోయేది ఏమిటో స్పష్టంగా అనుకోవాలి. జపాన్‌లో సంప్రదాయ పద్ధతిలో తయారైన కత్తి ఈ ఖర్చుకు రాదు. అక్కడ 1958 నాటి చట్టాన్ని అనుసరించి, కళాఖండంగా నమోదైన కత్తిని మాత్రమే ఇంట్లో ఉంచుకోవాలి. ఇసుక ఇనుమును కట్టెబొగ్గుతో కరిగించి తీసిన తమహగానె అనే ఉక్కుతో, లైసెన్సు ఉన్న కమ్మరి నెలకు రెండు పొడవు కత్తులకు మించకుండా చేస్తాడు కాబట్టి, దాని ధర లక్షల రూపాయల్లో పలుకుతుంది. దాదాపు 100 నుంచి 300 డాలర్ల మధ్య దొరికే కత్తులు ఎక్కువగా చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో, ఎన్నో శతాబ్దాలుగా కత్తులకు పేరున్న లోంగ్‌చ్యువాన్ పట్టణపు కొలుముల నుంచి వస్తాయి. ఆ ధరకు "అసలైన జపాన్ కత్తి" అని ఎవరైనా రాసి అమ్ముతుంటే, ఆ వస్తువు సంగతి ఎలా ఉన్నా ఆ మనిషిని నమ్మనక్కరలేదు.

డబ్బు కట్టకముందే చట్టం సంగతి తేల్చుకోవాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నియమాలు కత్తులను తుపాకులు కాని ఆయుధాల జాబితాలో చేర్చాయి. విదేశం నుంచి తెప్పించుకోవడానికి లైసెన్సు కావాలి. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో దగ్గర ఉంచుకోవడానికి కూడా కావాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారు అమ్మకందారు మాట మీద ఆధారపడకుండా, పోలీసు కమిషనరేట్‌లో గాని కలెక్టరు కార్యాలయంలో గాని విచారించుకున్న తర్వాతే ముందుకు వెళ్ళడం మంచిది. బ్రిటన్‌లో ఉన్న మనవారికి 2008 నుంచి మరో చిక్కు ఉంది: 50 సెంటీమీటర్లు, అంతకు మించిన వంపు అలుగు ఉన్న కత్తుల అమ్మకాన్నీ దిగుమతినీ అక్కడ నిషేధించారు, సంప్రదాయ పద్ధతిలో చేత్తో చేసినవాటి వంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అమెరికాలో పెద్దలు ఇంట్లో ఉంచుకోవడం సాధారణంగా తప్పు కాదు గాని, బయటికి పట్టుకెళ్ళడం మీద ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నియమం ఉంది. ఈ ఇబ్బందులేవీ వద్దనుకునేవారికి, జపాన్‌లో సాధన కోసం వాడే ఇయైతో అనే కత్తి ఒక దారి చూపుతుంది. జింకు, అల్యూమినియం కలిపిన లోహంతో చేసే దాని అలుగుకు పదును పెట్టడం కుదరదు, తుప్పు పట్టదు, చూపుకు కతానాయే. దాన్ని తెప్పించుకునేటప్పుడు కూడా అధికారులను ఒక మాట అడిగి ఉంచుకోవాలి.

ఇక ఉక్కు. వస్తువు వివరాల్లో 1045, 1060, 1095 అని కనిపించే అంకెల్లో చివరి రెండూ కర్బనం ఎంత ఉందో చెబుతాయి. 1060 అంటే సుమారు 0.60 శాతం. కర్బనం పెరిగేకొద్దీ వాదర గట్టిపడి పదును ఎక్కువ కాలం నిలుస్తుంది, ఆ మేరకు పెళుసుదనమూ పెరుగుతుంది. 5160, 9260 అనేవి స్ప్రింగు ఉక్కులు. మన ఊళ్ళలో కమ్మరులు పాత లారీ కమాను పట్టీలు తెచ్చి కొడవళ్ళూ వేటకత్తులూ సాగగొట్టడం చూసినవారికి ఈ జాతి ఉక్కు గురించి వేరే చెప్పనక్కరలేదు: వంచితే వంగి, వదిలితే మళ్ళీ తిన్నగా అవుతుంది. స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్న పొడవు కత్తి మాత్రం అలంకారానికే పనికొస్తుంది. వంటింటి చాకుకు అది చక్కని లోహమే అయినా, డెబ్భై సెంటీమీటర్ల అలుగుగా చేసి దేనికైనా తగిలిస్తే పుటుక్కున విరిగే ప్రమాదం ఉంది. తక్కువ డబ్బుతో మొదటిసారి కొనేవారికి నా సలహా, 1060 గాని 9260 గాని, అలుగంతా ఒకే తీరున గట్టిపరచి, పెళుసుదనం తగ్గేలా మళ్ళీ కాస్త వేడిచేసి తగినంత మెత్తబరచినది తీసుకోమని. చేయి తిరగనివారు వంకరగా దెబ్బ వేసినా అవి ఓర్చుకుంటాయి.

పిడి లోపలికి దిగే ఇనుప భాగాన్ని జపానీయులు నకాగో అంటారు. అది అలుగుతో ఒకే ముక్కగా, దాదాపు అంతే వెడల్పుతో మొదలై, పిడి పొడవులో కనీసం మూడింట రెండు వంతుల వరకు దిగి ఉండాలి. పిడినీ నకాగోనూ కలిపి పట్టి ఉంచేది మెకుగి అనే వెదురు చీల, లావు చూస్తే చిన్న పెన్సిలంత. నేను చాలా కాలం కిందట ఒక దుకాణంలో నిగనిగలాడే నల్ల ఒర చూసి కొన్న కత్తి, పట్టుమని పదిసార్లు గాలిలో ఊపేసరికి పిడి దగ్గర టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. చీల కొట్టి తీద్దామంటే అక్కడ చీల ఆకారంలో అతికించిన ప్లాస్టిక్ బొట్టు మాత్రమే ఉంది. చివరి టోపీ విప్పి పిడి లాగితే అలుగు మొదట్లో వెల్డింగ్ చేసిన సన్నని బోల్టు ఒకటి బయటపడింది, వెల్డింగ్ చుట్టూ అప్పటికే వెంట్రుకంత పగులు ఉంది. ఇంకో నాలుగుసార్లు ఊపి ఉంటే ఆ అలుగు ఎటు ఎగిరిపోయేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అందువల్ల విప్పి చూసుకునే వీలున్న కత్తినే ఎంచుకోవాలి. నకాగో ఫొటో పంపమని అడగాలి. పంపడానికి నసిగే అమ్మకందారును వదిలేయాలి. చేతికి వచ్చాక చీలను చిన్న ఇత్తడి సుత్తితో వెనక నుంచి తట్టి తీసి, దాని నారలు నిలువుగా, బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి. నలిగినట్టు ఉంటే బాగా ఎండిన గట్టి వెదురుతో కొత్తది చెక్కి పెట్టుకోవడానికి పావుగంట పట్టదు. కొన్ని కత్తులకు రెండు చీలలు ఉంటాయి, నేను వాటినే ఇష్టపడతాను.

అలుగు అందమంతా హమోన్‌లో ఉంటుంది. వాదర వెంట అలల్లా సాగే తెల్లని గీత అది. కమ్మరి అలుగు వెన్నుకు మట్టి దళసరిగా, వాదర వైపు పలచగా మెత్తి, కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచినప్పుడు పలచని వైపు చటుక్కున చల్లారి గట్టిపడుతుంది, మట్టి కప్పిన వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. ఈ రెంటి సరిహద్దే హమోన్. చవక కత్తుల మీద దీన్ని ఆమ్లంతోనో తీగ బ్రష్షుతోనో గీస్తారు. తేడా తెలుసుకోవాలంటే గదిలో మిగిలిన దీపాలు ఆర్పి, ఒకే బల్బు కింద అలుగును మెల్లగా వాల్చుతూ చూడాలి: అసలైన హమోన్ అంచున మంచు పొరలాంటి, అక్కడక్కడ చిన్న చుక్కలు మెరిసే పట్టీ కోణంతో పాటు మారుతుంది, గీసినది ఎటు తిప్పినా ఒకేలా, అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. అలంకారమే ముఖ్యమై, కోత ఎప్పుడో ఒకసారి అనుకునేవారు 1095తోనో టి10 అనే పనిముట్ల ఉక్కుతోనో మట్టి పూసి చేసిన కత్తికి కొంచెం ఎక్కువ పెట్టవచ్చు. అయితే దాని వెన్ను మెత్తన కాబట్టి తప్పుడు దెబ్బకు వంగితే వంగినట్టే ఉంటుంది.

"వెయ్యి పొరల మడత ఉక్కు", "డమాస్కస్" అన్న ప్రకటనలకు అదనంగా ఒక్క రూపాయి కూడా పెట్టనక్కరలేదు. తమహగానెలో మలినాలను వెళ్ళగొట్టి కర్బనాన్ని సమంగా పరచడానికి పాత కమ్మరులు దాన్ని పదేపదే మడిచి కొట్టేవారు. కర్మాగారం నుంచి వచ్చే నేటి ఉక్కుకు ఆ అవసరం లేదు, మడత సరిగా అతకకపోతే బలహీనత మాత్రం మిగులుతుంది. పైగా, పూర్వం డమాస్కస్ కత్తుల కోసం పర్షియా వర్తకులు నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం దాకా వచ్చి కొనుక్కుపోయిన, మూసలో (మట్టి పాత్రలో) కరిగించి తీసిన ఉక్కు వేరు, ఇప్పుడు ఆ పేరుతో అమ్ముతున్న రెండు ఉక్కుల పొరల అతుకు వేరు.

కొలతల దగ్గర పెద్దగా తికమక లేదు. రెండు షాకులు (షాకు జపాన్ పాత కొలత), అంటే సుమారు 60.6 సెంటీమీటర్లు దాటిన అలుగు కతానా కిందికి వస్తుంది. తిన్నగా నిలబడి, పిడి పట్టుకున్న చేతిని కిందికి వదిలితే కొన నేలకు తగలకుండా కాస్త పైన ఆగాలి. బరువు 1 నుంచి 1.3 కిలోల మధ్య ఉంటే చాలు. అలుగు పొడవునా తీసిన గాడి చూపుకు బాగుంటుంది, బరువు తగ్గిస్తుంది, వాదర తిన్నగా వెళ్ళినప్పుడు రివ్వుమని మోగి చెబుతుంది. గట్టి వస్తువులు కోయాలనుకునేవారికి గాడి లేనిదే మేలు.

పిడి చుట్టూ అల్లిన తాడు నూలుదైతే బడ్జెట్‌కు సరిపోతుంది, పట్టూ బాగుంటుంది. బొటనవేలితో గట్టిగా తోసి చూస్తే వజ్రపు ఆకారపు గళ్ళు కదలకూడదు. వాటి సందుల్లో కనిపించే గరుకు తెల్ల చర్మం స్టింగ్‌రే చేప జాతిదై ఉండాలి, చవకవాటిలో ప్లాస్టిక్ ఉంటుంది. చేతికి అడ్డుగా ఉండే బిళ్ళ, అంటే త్సుబా, ఇనుముదో ఇత్తడిదో అయితే మంచిది. డ్రాగన్లు, బంగారు పూత, ఎర్ర రాళ్ళు గుప్పించినవాటి కన్నా వెదురాకుల బొమ్మో అలల బొమ్మో కోసిన సాదా ఇనుప బిళ్ళే పదేళ్ళ తర్వాత కూడా విసుగు పుట్టించదు, ఇది నా అభిరుచి మాట. తర్వాత మార్చుకోవడం తేలికే కనుక డబ్బు చాలకపోతే ముందు ఇక్కడే తగ్గించుకోవాలి.

ఒరలో పెట్టిన కత్తిని, కింద మెత్తని పరుపు ఉంచి, తలకిందులుగా పట్టి చూడాలి. తనంతట తాను జారితే ఒర మూతి వదులైనట్టు. లోపలి అంచుకు పలచని చెక్క పొర జిగురుతో అతికిస్తే సరిపోతుంది. తీసేటప్పుడు ఎడమచేతి వేళ్ళు వాదర వైపు ఒరను చుట్టి ఉండకూడదు, ఎందుకంటే పలచని ఒరను చీల్చుకుని వాదర వేళ్ళ మీదికి రాగలదు.

చట్టం అనుమతించిన చోట కోత సాధన చేసేవారు జపాన్‌లో చుట్టిన చాపను నానబెట్టి నిలబెడతారు, మన తుంగచాప కూడా ఇంచుమించు అలాంటిదే. మొదట్లో నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసాలు చాలు. ప్రతిసారీ చీల బిగువు చూసుకోవాలి, చుట్టుపక్కల మనుషులు లేకుండా చూసుకోవాలి. ఎండిన కొయ్య, చెట్టు మాను జోలికి పోకూడదు.

కర్బన ఉక్కుకు తడే శత్రువు. కాకినాడ, విశాఖ వంటి ఊళ్ళ ఉప్పుగాలిలో ఒక్క వేలిముద్ర చాలు, వారం తిరిగేలోగా గోధుమ రంగు మచ్చ తేలుతుంది. జపానీయులు లవంగపు వాసన కలిపిన చోజి నూనె వాడతారు. అది దొరకకపోతే కుట్టుమిషను నూనె సరిపోతుంది, కొబ్బరినూనె వంటివి మాత్రం జిగురెక్కుతాయి. పాత నూనెను మెత్తటి నూలుగుడ్డతో వెన్ను వైపు నుంచి పట్టి తుడిచి, కొత్తది కనీకనిపించనంత పలచగా రాసి, వానాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు మూడు నెలలకోసారి ఇదే చేయాలి. గోడ మీదైనా బల్ల మీదైనా, పిల్లలకు అందని ఎత్తులో, ఎండ పడని చోట, వాదర పైకి ఉండేలా అడ్డంగా ఉంచాలి. అలా ఉంచితే అలుగు బరువు వెన్ను మీద ఆనుతుంది, వాదర ఒర చెక్కను గీయదు.